వజీర్ మాసూమా బేగం

మా యాప్రాల్ నుంచి పత్థర్‌గట్టీకి వెళ్లాలంటే సికింద్రాబాద్ దాటాలి, మూసీ దాటాలి. ఇంట్లో షాదీ ఉంటేనో, ఈద్ ముందో వెళ్తాం. బట్టలు, ముత్యాలు, అత్తరు కొనుక్కుని తిరిగొస్తాం. ఆ బజార్ ఉన్న ఇలాఖా ఒకప్పుడు ఒక ముస్లిం ఖాతూన్‌ని అసెంబ్లీకి పంపిందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆమె పేరు మాసూమా బేగం.

ఇల్మ్ ఉన్న ఖాందాన్ ఆమెది. నానా నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ నిజాం హుకూమత్‌లో పెద్ద ఓహ్దాల్లో పనిచేశారు. అమ్మీ తయ్యిబా బేగం, జనానా గడప దాటడమే కష్టమైన ఆ జమానాలో మద్రాస్ యూనివర్సిటీ బీఏ పట్టా సాధించారు. బేటీ మాసూమా మహబూబియా గర్ల్స్ స్కూల్‌లో చదివారు. అమ్మీ మొదలుపెట్టిన అంజుమనే ఖవాతీన్ పనిని భుజాన వేసుకున్నారు. సియాసత్‌లోకి వచ్చే ముందే ఆమెకు ఏళ్ల తరబడి ఖిద్మత్ అనుభవం ఉంది.

1952 ఎలక్షన్ ఎలాంటి టైమో గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ జరిగి నాలుగేళ్లు కూడా నిండలేదు. మన ఇళ్లల్లో ఖౌఫ్ ఇంకా పోలేదు. అలాంటప్పుడు ఆమె కాంగ్రెస్ టికెట్ మీద పాతబస్తీలో శాలిబండ నుంచి నిలబడి హైదరాబాద్ అసెంబ్లీకి గెలిచారు. 1957లో పత్థర్‌గట్టీ నుంచి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి వెళ్లారు. 1960లో దామోదరం సంజీవయ్య గారి కేబినెట్‌లో సాంఘిక సంక్షేమ వజీర్ అయ్యారు. ఒక దళిత ముఖ్యమంత్రి, ఆయన పక్కన ఒక ముస్లిం మహిళా మంత్రి!

1962లో అదే పత్థర్‌గట్టీలో మజ్లిస్ నేత సలాహుద్దీన్ ఒవైసీ గెలిచారు. కుర్సీ పోయింది కానీ ఖిద్మత్ ఆగలేదు. అఖిల భారత మహిళా సభకు ఆమె సదర్‌గా పనిచేశారు. 1974లో పద్మశ్రీ వచ్చింది.

ఆఫ్రికాలోని ఉగాండాలో 1995 నాటి దస్తూర్ ప్రతి జిల్లాకూ ఒక మహిళా ఎంపీ సీటు ఇచ్చింది. కములి జిల్లా నుంచి అలా గెలిచి వచ్చిన రెబెకా కడాగా 2011లో పార్లమెంట్ స్పీకర్ అయ్యారు. మాసూమా బేగం నిలబడినప్పుడు అసెంబ్లీలో ఔరతులకు కోటా లేదు. ఆమెకు ఉన్నదల్లా తాలీం, అంజుమన్‌లో చేసిన మెహనత్, వెనక నిలబడిన ఇల్లు.

మొదటి రెండూ మన బేటీలకు ఇప్పుడు దొరుకుతున్నాయి. మూడోదే కమ్. ఎలక్షన్ బాత్ మొదలవగానే "బేటీ, చాయ్ పెట్టు" అని బావర్చీఖానాలోకి పంపేస్తాం. ఈసారి చాయ్ మనం పెడదాం. ఓటు ఎవరికి వేయాలో, ఎందుకు వేయాలో ఆమెను చెప్పనిద్దాం. ఆమె రాయ్ మనకు నచ్చకపోయినా సరే, పూర్తిగా విందాం.