ఎస్సెంపీఎస్ స్టిక్కర్ మీది శాసనం

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు ఫోను. "అన్నయ్యా, ఆర్టీఎక్స్ 4060 కార్డు కొంటున్నా. నాది 450 వాట్ల ఎస్సెంపీఎస్. కార్డు తినేది 115 వాట్లేనంట, సరిపోతుందిగా?" అని. "ముందు కేబినెట్ ఊడదీసి, ఎస్సెంపీఎస్ మీదున్న స్టిక్కర్ ఫోటో తీసి పంపరా" అన్నాను. విసుక్కుంటూనే పంపాడు. 12 వోల్టుల లైను దగ్గర 16 ఆంపియర్లు అని ఉంది. అంటే 192 వాట్లు. మరి మిగతా 250 పైచిలుకు ఏమైనట్టు? 5 వోల్టుల లైను, 3.3 వోల్టుల లైను ఖాతాల్లో ఉన్నాయి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుకి ఆ రెండు లైన్లతో దాదాపు పనే లేదు.

ఇదేదో మోసం అని కొట్టిపారెయ్యకండి (కొంత మోసం ఉందిలెండి). ఒకప్పుడు ఈ లెక్క సరైన లెక్కే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ డిజైన్ తెచ్చినప్పుడు బోర్డుకీ, ప్రాసెసరుకీ, మెమరీకీ కావలసినవి 5, 3.3 వోల్టులే. 12 వోల్టులు హార్డ్ డిస్కు మోటారుకి, ఫ్యానుకి. 1997 నుంచి వచ్చిన ఏజీపీ స్లాట్ అయితే అన్ని వోల్టులూ కలిపి నలభై వాట్ల ప్రాంతంలో ఇచ్చేది. అప్పటి కార్డులకి అదే ఎక్కువ.

ఆ నలభై చాలదని మొదట గట్టిగా తెలిసొచ్చిన వాళ్ళలో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళొకరు. 2000లో వచ్చిన వూడూ5 5500 కార్డులో రెండు చిప్పులు. కరెంటు కోసం హార్డ్ డిస్కుకి పెట్టే నాలుగు పిన్నుల కనెక్టరే దీనికీ పెట్టారు. దాని అన్నగారు వూడూ5 6000లో నాలుగు చిప్పులు! అప్పటి ఎస్సెంపీఎస్‌లని నమ్మలేక, ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు కార్డుకి విడిగా ఒక అడాప్టర్ చేశారు. గోడ ప్లగ్గు నుంచి నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి కరెంటన్నమాట. ఆ కార్డు అమ్మకానికి రానేలేదు. 2000 డిసెంబరులో కంపెనీ ఆస్తులు ఎన్విడియా చేతికి పోయాయి. ఆ ఎన్విడియానే 2004లో 6800 అల్ట్రాకి రెండు హార్డ్ డిస్కు కనెక్టర్లు పెట్టి, 480 వాట్ల ఎస్సెంపీఎస్ ఉండాలంటే జనం నోరెళ్ళబెట్టారు.

ఈలోగా ప్రాసెసర్ల వైపు ఇంకో మార్పు. 2000లో పెంటియం 4తో పాటు బోర్డు మీద నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చింది. కారణం మనం ఇంటర్లో చదువుకున్నదే. అదే పవరు ఎక్కువ వోల్టేజీ మీద పంపితే కరెంటు తగ్గుతుంది, తీగలో వేడీ తగ్గుతుంది. గ్రాఫిక్స్ కార్డులు కూడా ఆ దారే పట్టాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఇచ్చే 75 వాట్లలో 66 వాట్లు 12 వోల్టులవే. పైన 6 పిన్నుల కేబుల్‌కి ఇంకో 75, 8 పిన్నుల దానికి 150, అంతా 12 వోల్టులే. అంటే గత ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్ 12 వోల్టుల మీద నడుస్తుంటే, చవక ఎస్సెంపీఎస్ స్టిక్కర్ మాత్రం ఇంకా 1990ల లెక్కే చెప్తోంది.

ఈ సంగతి నాకు 2017లో, బీటెక్ రెండో సంవత్సరంలో తెలిసింది. నాన్నని బతిమాలి సెకండ్ హ్యాండ్ కార్డు కొన్నాను. దానికి 6 పిన్నుల కేబుల్ కావాలి, నా ఎస్సెంపీఎస్‌కి లేదు. షాపతను (పేరెందుకులెండి) హార్డ్ డిస్కు కనెక్టర్ నుంచి మార్చే కన్వర్టర్ చేతిలో పెట్టి "నడుస్తుంది తమ్ముడూ" అన్నాడు. నడిచింది, నెల రోజులు. గేమ్ పెట్టగానే రీస్టార్ట్ అవుతుంటే విండోస్ మీద అనుమానపడి రెండుసార్లు ఫార్మాట్ కూడా కొట్టాను. ఒకరోజు రాత్రి కాలిన వాసన. ఎస్సెంపీఎస్ తనతో పాటు మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. ఆ కేబుల్ ఎస్సెంపీఎస్‌కి లేకపోవడమే ఒక హెచ్చరిక అని, కన్వర్టర్ ఆ హెచ్చరికని చెరిపేస్తుందని అప్పుడు నాకెవరు చెప్తారు!

నాలాంటి పిల్లలే కాదు, పెద్ద కంపెనీలూ ఈ లెక్కల్లో దెబ్బతిన్నాయి. 2016లో ఏఎండీ ఆర్ఎక్స్ 480 స్లాట్ నుంచి 75 వాట్ల కంటే ఎక్కువ లాగుతోందని సమీక్షకులు కొలిచి పట్టుకున్నారు. జులైలో డ్రైవర్ మార్చి సర్దుకున్నారు. 2022లో ఆర్టీఎక్స్ 4090 కొత్త కనెక్టర్లు కరిగిపోయాయి. సరిగా లోపలికంటా గుచ్చకపోవడమే ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది. నిజమే కావచ్చు గానీ, లెక్క వేసి చూడండి. పాత 8 పిన్నుల దాంట్లో 150 వాట్లు మూడు 12 వోల్టుల పిన్నుల మీద, అంటే పిన్నుకి 4 ఆంపియర్ల చిల్లర. పిన్ను సామర్థ్యం దానికి దాదాపు రెట్టింపు. కొత్త దాంట్లో 600 వాట్లు ఆరు పిన్నుల మీద, పిన్నుకి 8.3. సామర్థ్యం తొమ్మిది పైచిలుకు. పెళ్ళి భోజనాలకి వందమందొస్తారని నూటపది విస్తళ్ళు వేసినట్టుంది. 2023లో పిన్నుల పొడవులు మార్చి కనెక్టర్ సవరించారు, అంకె మాత్రం 600 దగ్గరే ఉంది.

మళ్ళీ మావాడి దగ్గరికొస్తే, కార్డుకి 115, ప్రాసెసరుకి పేరుకి 65 (జోరు మీదుంటే ఇంకా ఎక్కువ). 192లో 180 అక్కడికే సరి. ఇక ఫ్యాన్లు, డిస్కులు ఉండనే ఉన్నాయి. పైగా ఆ ఎస్సెంపీఎస్ వయసు ఆరేళ్ళు, 8 పిన్నుల కేబుల్ లేనే లేదు. "కన్వర్టర్ దొరుకుతుందిగా అన్నయ్యా" అన్నాడు. నాకు ఆ కాలిన వాసన మళ్ళీ వచ్చినట్టయింది. ఈ నెల ఎస్సెంపీఎస్, వచ్చే నెల కార్డు అని ఒప్పించాను. 12 వోల్టుల లైను మీదే మొత్తం పవరు దాదాపుగా ఇచ్చేది చూడమన్నాను.

శనివారం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తున్నాం. రంగురంగుల లైట్లున్న ఎస్సెంపీఎస్ ఏదైనా ఉందా అని ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.