బ్యాక్టీరియా, వైరస్: నిర్మాణంలోనే ఔషధ రహస్యం

వర్షాకాలం ఆరంభమైతే జలుబు, దగ్గు, జ్వరాలు ఇంటింటా కనిపిస్తాయి. వైద్యుని సంప్రదించకుండానే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మాత్రలు కొని వాడే అలవాటు చాలామందిలో ఉంది. అయితే జలుబు, ఫ్లూ వంటివి వైరస్‌ల వల్ల సోకే వ్యాధులు. యాంటీబయాటిక్‌లు వైరస్‌లపై పనిచేయవు. అవి ప్రధానంగా బ్యాక్టీరియాను ఎదుర్కొనే ఔషధాలు. ఈ వ్యత్యాసానికి కారణం రెండింటి నిర్మాణంలోనే ఉంది.

బ్యాక్టీరియా కణం

బ్యాక్టీరియా ఏకకణ జీవి. ఆహారం గ్రహించి, పెరిగి, తనంతట తానే రెండుగా విడిపోగలదు. దీనిలో స్పష్టమైన కేంద్రకం ఉండదు. జన్యు పదార్థమైన డీఎన్ఏ కణద్రవ్యంలోనే ఉంటుంది. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాలు కూడా అనేక బ్యాక్టీరియాలలో కనిపిస్తాయి. ప్రోటీన్లను తయారుచేసే రైబోసోములు కణద్రవ్యమంతటా వ్యాపించి ఉంటాయి. కణద్రవ్యాన్ని ఆవరించి పలుచని త్వచం, దానికి వెలుపల దృఢమైన కణకవచం ఉంటాయి.

పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో ఏర్పడిన ఈ కణకవచం మానవ కణాలకు లేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ ఈ కవచ నిర్మాణాన్నే అడ్డుకుంటుంది. కవచం బలహీనపడిన బ్యాక్టీరియా పగిలి నశిస్తుంది. మానవ కణానికి ఆ హాని కలగదు.

మరికొన్ని ఔషధాల లక్ష్యం రైబోసోములు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో వెల్లడైన ఈ ఔషధం టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. బ్యాక్టీరియా రైబోసోములలో ప్రోటీన్ల తయారీని ఇది నిలిపివేస్తుంది.

వైరస్ నిర్మాణం

వైరస్ కణం కాదు. దానికి కణద్రవ్యం గాని, కణకవచం గాని, రైబోసోములు గాని లేవు. డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ రూపంలో జన్యు పదార్థం, దాని చుట్టూ కాప్సిడ్ అనే ప్రోటీన్ తొడుగు మాత్రమే దాని మౌలిక నిర్మాణం. 1935లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటిక రూపంలో వేరుచేసి లోకాన్ని ఆశ్చర్యపరిచారు.

ఫ్లూ, కరోనా వంటి వైరస్‌లకు కాప్సిడ్‌పై కొవ్వు పొర అదనంగా ఉంటుంది. సబ్బు ఈ పొరను ఛేదిస్తుంది కనుకనే చేతులు కడుక్కోవడం మేలైన రక్షణ.

వైరస్ తనంతట తాను వృద్ధి చెందలేదు. జీవకణంలో ప్రవేశించి, ఆ కణపు రైబోసోములతోనే తన ప్రోటీన్లను చేయించుకుంటుంది. పెన్సిలిన్ ఛేదించవలసిన కవచం, టెట్రాసైక్లిన్ ఆపవలసిన బ్యాక్టీరియా రైబోసోము వైరస్‌లో లేనే లేవు. అందువల్ల వీటికి టీకాలు, ప్రత్యేక వైరస్ నిరోధక ఔషధాలు అవసరమవుతాయి.

అనవసర వాడకంతో ముప్పు

అవసరం లేకున్నా వాడిన యాంటీబయాటిక్ శరీరంలో సహజంగా ఉండే బ్యాక్టీరియాపై ప్రభావం చూపుతుంది. మందుకు లొంగేవి నశించగా, తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధి చెందుతాయి. నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ల ద్వారా ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరతాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మంది మరణించారని అంచనా.

వైద్యుని చీటీ లేనిదే కొనరాని మందుల అట్టలపై నిలువు ఎర్ర గీత ఉంటుంది. ఈ గీతను గుర్తించాలంటూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం చేపట్టింది. వైరస్ జ్వరం తరువాత కొందరికి న్యుమోనియా వంటి బ్యాక్టీరియా వ్యాధి సోకే అవకాశమూ ఉంది. అటువంటప్పుడు యాంటీబయాటిక్ అవసరమా, కాదా అన్నది రోగిని పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి.