మేర, బదులు, తాంబూలము: మన పల్లెలలో పనికి ప్రతిఫలమిచ్చిన తీరు

తెలిసినవానిచేత పని చేయించుకొని, అతనికేమి యీయవలెనో తోచక సంకోచపడుట నేటి మాట కాదు. ఎరుగనివానికి వెల చెల్లించుట సులభము. బేరమాడి, ఇచ్చి, మరచిపోవచ్చును. వరుసపెట్టి పిలుచుకొను వడ్రంగి మామకు, పొలముగట్టు పొరుగువానికి, బిడ్డ జ్వరమును కుదిర్చిన వైద్యునకు ఏమి యీయవలెను? ఈ చిక్కును విడదీయుటకు మన పూర్వులు పలు మార్గములు కల్పించుకొనిరి. వానిలో మెచ్చదగినవియు గలవు, మెచ్చదగనివియు గలవు. గ్రామచరిత్రలు వ్రాయువారు రాజులను, దేవాలయములను గూర్చి విస్తరింతురు గాని, కళ్ళములోని కొలతలను ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. కావున ఆ కళ్ళమునుండియే ఆరంభింతును.

ధాన్యము నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసిన పిమ్మట, అది ఇంటికి చేరకమునుపే పనివారల పాలు తీసియుంచెడివారు. దానికే మేర యని పేరు. వడ్రంగి ఏడాది పొడుగున నాగలి, కాడి, గొర్రు సరిచేయుచుండును. కమ్మరి కర్రు సాగగొట్టును. కుమ్మరి కుండల నిచ్చును. చాకలి, మంగలి ఇంటిల్లిపాదికిని పనిచేయుదురు. తోలుపని చేయు మాదిగలు కపిల బానను, చెప్పులను కుట్టి యిత్తురు. వీరెవ్వరును పనిచేసిన దినముననే చేయి చాపెడివారు కారు. ఏడాది పనికి ఏడాదికొకసారి కొలత. కొన్నియెడల అరకకింతయనియు, కొన్నియెడల పుట్టికింతయనియు వాడుక. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. అనగా పుట్టికి 320 మానికలు. ఉదాహరణమునకు పుట్టికి రెండు కుంచముల మేర యన్నచో, పంటలో నలుబదియవ పాలన్నమాట. దశాంశ తూనికలు 1958 మొదలుకొని క్రమముగా అమలులోనికి వచ్చిన తరువాత కుంచము అటకెక్కినది గనుక ఈ లెక్క నేటి పిల్లలకు వింతగా తోచవచ్చును.

ఇందొక సూక్ష్మము గలదు. పాత నాగలిని బాగుచేయుట మేరలోనిది. క్రొత్త బండి చేయించుకొన్నచో దానికి వేరు బేరము. సాలెవాడు నేసిన వస్త్రము సాధారణముగా మేరలో చేరనే లేదు, అది సంతలో రొక్కమునకు అమ్ముడయ్యెడిది. నేర్పు అందరిలోను గలదు. అయినను సేద్యము ఆగకుండ నిలుపు నిత్యపు పనికే కళ్ళములో చోటు దక్కినది. ఏది చెలిమిలోనిదో, ఏది బేరములోనిదో మునుముందే తెలిసియుండుటచేత ప్రతిసారియు మొగమాటపడవలసిన పని లేకపోయినది.

విజయనగర రాజ్యములో ఈ గ్రామసేవకులను ఆయగాండ్రనిరి. పండ్రెండుగురని ప్రసిద్ధి, సంఖ్య ఒక్కటియే గాని పట్టిక ఊరూరికిని మారును. కరణము, రెడ్డి, తలారి, పురోహితుడు మొదలుకొని నీరుగంటి వరకు అందున్నారు. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారి కప్పగించినపుడు, అచ్చటి ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో, 1806లో అనంతపురమునుండి వ్రాసిన నివేదికలో, పండ్రెండుగురు ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమును ఒక చిన్న రిపబ్లిక్కుగా వర్ణించెను. ఆ మాట తరువాతివారికి మిక్కిలి నచ్చినది. అందు సగమే సత్యమని నా యభిప్రాయము. రిపబ్లిక్కులో పౌరుడు తన పనికి వెల యెంతయో చెప్పగలిగియుండవలెను. కొలుచువాని చేయి బిగిసినను, కుంచము నిండకపోయినను, రాశికి దూరముగా నిలువబడిన మాదిగవాడు నోరెత్తగలిగెనా?

ఈ లోపమే తెలంగాణమున వికృతరూపము దాల్చినది. దేశముఖులకును అధికారులకును చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలు పెట్టవలెను, గౌడుడు కల్లు పోయవలెను. ప్రతిఫలము లేదు, ఉన్నను నామమాత్రము. దీనికి వెట్టి యని పేరు. మాడపాటి హనుమంతరావు పంతులుగారు దీనిని రూపుమాపుటకు పాటుపడిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ మొదటి సమావేశము జరిగినది. ఆ సభతో మొదలైన ఉద్యమము పెరిగి పెరిగి, 1946 నాటికి సాయుధపోరాటమయ్యెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము బలవంతపు చాకిరిని నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టిని రద్దుపరచినది. మేరకును వెట్టికిని భేదమెక్కడ నున్నది? పని యొక్కటే, మనుష్యులు వారే, పిలుపులును కొంతవరకు అవే. కొలత ముందుగా నిర్ణయమై, దానిని అడుగు హక్కు పనివానికి ఉన్నచో మేర. ఇచ్చువాని దయకు విడిచినచో వెట్టి.

సమానుల నడుమ నడిచిన పద్ధతి బదులు. నాట్లకు మా యింటినుండి ఇద్దరు మీ పొలమునకు వచ్చిన, కోతలకు మీ యింటినుండి ఇద్దరు రావలెను. రాయలసీమలో దీనినే ముయ్యి యందురు. రొక్కము చేతులు మారదు, అయినను లెక్క తప్పదు. పెండ్లిలో చదివింపులను గూర్చి వేరుగా చెప్పవలెనా? పేరును, మొత్తమును బిగ్గరగా చదివి, పుస్తకమున వ్రాసికొని, వారింటి శుభకార్యమునాడు ఆ పుస్తకము తీసి చూతుము. స్నేహమునకు లెక్క లేదని నోట చెప్పుచు, చేత లెక్క వ్రాసికొనుట మనకు అనాదిగా నున్నదే!

ఇక విద్యావంతుల పని. పురోహితునకును, కవికిని, వైద్యునకును ఇచ్చునది కూలి యనరాదు, అది సంభావన. తాంబూలములో పెట్టి యీయవలెను. వీధిబడి పంతులకు దసరా పండుగయే ఆదాయపు దినము. పిల్లలు విల్లంబులు చేతబట్టి పాడుచు ఇంటింటికిని తిరిగెడివారు. పంతులకు కానుక, పిల్లలకు పప్పుబెల్లములు లభించెడివి. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో తన జిల్లాలో 533 పాఠశాలలు గలవని నివేదించెను. ఆ కాలపు బడులు అధికభాగము విద్యార్థుల యిండ్లనుండి వచ్చు ప్రతిఫలముపైననే నిలిచినవి. తాంబూలము గౌరవమును కాపాడినది, నిజమే. కాని తమలపాకు క్రింద ఎంత యున్నదో అడుగజాలక పస్తుండిన పంతుళ్ళను గూర్చి ఏ నివేదికయు వ్రాయదు.

ఈ ఏర్పాటులన్నియు ఒక్కనాడు కూలలేదు. సేవకై యిచ్చిన ఇనాములను 1858లో నియమింపబడిన ఇనాము కమీషను విచారించినది. విద్యుత్తు మోటార్లు వచ్చి కపిలను, ట్రాక్టర్లు వచ్చి కొయ్యనాగలిని తొలగించినవి. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములును రద్దయ్యెను. నేడు అందరికిని రొక్కమే. అయినను మోటారు బాగుచేయు కుర్రవాడు మన మేనల్లుడైనచో, ‘మనవాడే గదా’ యని టీ యిచ్చి పంపువారు లేకపోలేదు. ఆ కుర్రవాడు రెండవమారు పిలిచినపుడు తీరిక లేదనును, మనము నొచ్చుకొందుము.

ఈ రజతోత్సవ సంచికలో దాతల పట్టికయు అచ్చగుచున్నది. ధనమిచ్చినవారి పేరున మొత్తములుండును. బల్లలు చేసినవారికి, గోడలు కట్టినవారికి, ఇన్నేండ్లుగా చినిగిన పుస్తకములకు అట్టలు కుట్టినవారికి ‘శ్రమసహాయము’ అని మాత్రము వ్రాయుట మన సంస్థలలో వాడుక. ఆ పేర్ల యెదుట రూపాయల గడిని ఖాళీగా విడువక, పనిచేసిన దినములను ఆనాటి కూలి రేటున లెక్కగట్టి అంకె వేయవలసినదని కార్యవర్గమువారికి మనవి.