ఆ గొంతు నీది కాదన్నారు

లండన్‌లో ఒక ప్రైవేటు కాలేజీ. గదిలో వరసగా కంప్యూటర్లు, ఒక్కోదానికీ హెడ్‌ఫోను, మైకు. పరీక్ష రాయాల్సినవాళ్లు కుర్చీల్లో లేరు, పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ల బదులు వేరేవాళ్లు కూర్చుని మైకుల్లో గడగడా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు. ఫొటోకి మాత్రం అసలు మనిషి కావాలి కాబట్టి అప్పుడు వాళ్లను పిలిచారు. మరో విడతలో 200 ప్రశ్నల పరీక్ష. మామూలుగా రెండు గంటలు పడుతుంది. పర్యవేక్షకుడే జవాబులు వరసబెట్టి చదివాడు. ఏడు నిమిషాల్లో ముగిసింది. గ్యారంటీగా పాసు చేయించడానికి రేటు 500 పౌండ్లు.

ఆ గదిలో నిలబడ్డవాళ్లలో ఒకరి దగ్గర రహస్య కెమెరా ఉంది. 2014 ఫిబ్రవరి 10న బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమంలో ఇదంతా బ్రిటన్ చూసింది. అప్పటి హోం మంత్రి థెరెసా మే. వలసలు తగ్గిస్తామని మాటిచ్చి గద్దెనెక్కిన ప్రభుత్వం అది. దొంగతనం టీవీలోనే కనిపించింది. చర్య తీసుకోవాల్సిందే, అందులో తప్పేమీ లేదు. కానీ తీసుకున్న చర్య ఎవరెవరి మీద పడింది? ఈ గాథ దాని గురించే.

ఆ పరీక్ష పేరు టోయిక్. నడిపింది అమెరికాలోని ఈటీఎస్. మన పిల్లలు రాసే జీఆర్‌ఈ, టోఫెల్ కూడా ఆ సంస్థవే. బ్రిటన్‌లో అప్పటికే చదువుతున్నవాళ్లు కూడా వీసా పొడిగించుకోవాలంటే ప్రభుత్వ జాబితాలో ఉన్న ఇంగ్లీషు పరీక్ష ఒకటి పాసవ్వాల్సి ఉండేది. ఇంటి దగ్గర ఐఈఎల్‌టీఎస్ రాసి విమానమెక్కినవాళ్లకు కూడా రెండేళ్లు దాటితే ఆ స్కోరు చెల్లదు. అందుకని వేలమంది టోయిక్‌కి కట్టారు. మాట్లాడే పరీక్ష ఇరవై నిమిషాలు. ఎదురుగా మనిషి ఉండడు. తెర మీద కనిపించిన పేరా పైకి చదవాలి, బొమ్మ చూసి చెప్పాలి, అడిగినదానికి బదులివ్వాలి. గొంతు రికార్డై దిద్దడానికి వెళ్తుంది. మోసం ఇక్కడే దూరింది. తర్వాత నేరం మోపడానికి పట్టుకున్నదీ ఈ గొంతునే.

టీవీలో గుట్టు బయటపడ్డాక హోంశాఖ ఈటీఎస్‌ను లెక్క తేల్చమంది. 2011 నుంచి 2014 దాకా బ్రిటన్‌లో జరిగిన 58,459 పరీక్షల రికార్డింగులను గొంతు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. ఒకే గొంతు పలు పేర్ల మీద వినిపిస్తే అది కిరాయి గొంతు. యంత్రం పట్టినవాటిని ఇద్దరు మనుషులు మళ్లీ విన్నారు, ఇద్దరూ సరే అంటే ‘చెల్లదు’ అని రాశారు. అలా నూటికి 58 పరీక్షలు చెల్లవన్నారు. ఇంకో 39 అనుమానాస్పదమన్నారు. కలిపి నూటికి తొంభై ఏడు! మూడేళ్లలో దేశమంతటా ఈ పరీక్ష రాసినవాళ్లలో నూటికి ముగ్గురి మీదే మచ్చ లేదన్న లెక్క అది. ఆ అంకె చూడగానే ఒక్క క్షణం ఆగి, ఇదెలా సాధ్యమని అడగాలి. ముందు వీసాలు రద్దు చేశారు. గొంతు శాస్త్రం తెలిసిన నిపుణుణ్ని అడిగింది చాలా తర్వాత.

2014 జూన్ 24న వలసల మంత్రి జేమ్స్ బ్రోకెన్‌షైర్ పార్లమెంటులో ప్రకటన చేశారు. 57 ప్రైవేటు కాలేజీలకు, గ్లిండూర్ విశ్వవిద్యాలయానికి విదేశీ విద్యార్థులను చేర్చుకునే లైసెన్సు నిలిపేశారు. ఆ కాలేజీల్లో నిజాయతీగా ఫీజు కట్టినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. ఇప్పుడు మీరు చూడబోయే కుర్రాడు ఒక్కడు కాదు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వెళ్లి ఈ నిందపడ్డవాళ్లు కోర్టుల్లో, ఎంపీల ముందు, పత్రికలతో చెప్పుకున్న సంగతుల్లో పదే పదే వినిపించినవాటిని ఒక మనిషిగా కూర్చాను. అందుకే పేరు పెట్టలేదు.

తెల్లవారుజామున తలుపు దడదడలాడింది. అద్దె గదిలో ఉంటున్న ముగ్గురూ లేచి కూర్చున్నారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు పేరు అడిగారు, పాస్‌పోర్టు అడిగారు.

“టోయిక్ రాశావా?”

“రాశాను.”

“రాసింది నువ్వు కాదు. ఆ గొంతు నీది కాదు.”

ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. ప్రశ్న అతనికి అర్థమైంది, అతని జవాబు వాళ్లకూ అర్థమైంది. ఇంగ్లీషు రాదని నింద పడ్డవాడితో దుబాసీ అవసరం లేకుండా మాట్లాడి, బట్టలు సర్దుకోమన్నారు.

“ఆ రికార్డింగు ఒక్కసారి వినిపించండి” అని అడిగాడు. వాళ్ల దగ్గర లేదు. ఉన్నది ఒక జాబితాలో అతని పేరున్న వరస, దాని ఎదురుగా ‘చెల్లదు’ అన్న మాట. అప్పీలుకు వెళ్లొచ్చట, కానీ ముందు దేశం వదిలి వెళ్లి అక్కడినుంచి చేసుకోవాలట.

నిర్బంధ కేంద్రం నుంచి ఇంటికి ఫోను చేశాడు.

“నాన్నా, నేనే రాశాను. నా గొంతే.”

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక్క మాట. “అంత పెద్ద గవర్నమెంటు ఊరికే అంటుందేంట్రా?”

జైలు కన్నా, విమానం కన్నా ఆ మాటే ఎక్కువ కోసిందని చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. పొలం అమ్మి, అప్పు చేసి పంపిన ఇంటికి మోసగాడన్న ముద్రతో తిరిగి వెళ్లడమెలా? కుదిరిన పెళ్లిళ్లు తప్పిపోయాయి. చనిపోదామనుకున్నామని బయటికి చెప్పినవాళ్లూ ఉన్నారు. కొందరు వెళ్లకుండా అక్కడే ఉండిపోయారు. పని చేసుకోవడానికి, చదువుకోవడానికి వీల్లేక స్నేహితుల సోఫాల మీద పడుకుంటూ, గుడిలోనో గురుద్వారాలోనో తింటూ ఏళ్ల తరబడి లాయర్లకు డబ్బు కట్టారు.

2019 మార్చి నాటికి సుమారు 2,500 మందిని బలవంతంగా పంపేశారు. మరో 7,200 మంది హెచ్చరిక అందాక తామే వెళ్లిపోయారు. ఇది మన కాగ్ లాంటి బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2019 మేలో చెప్పిన లెక్క. ఇంకోటి కూడా చెప్పింది: కోర్టుకెక్కినవాళ్లలో కనీసం 3,600 మంది గెలిచారు. మోసం భారీగానే జరిగిందని, నిర్దోషులు ఎందరో తేల్చడం కుదరదని కూడా రాసింది. కిరాయి గొంతుల దందా నడిపినవాళ్లలో 25 మందికి శిక్షలు పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ హోంశాఖను గట్టిగా తప్పుపట్టింది. తొందరపడ్డారని, నిర్దోషులను కాపాడే ఏర్పాటే చేయలేదని తేల్చింది.

కోర్టులు కూడా ఒకే మాట మీద లేవు. 2016లో వలస కేసులు వినే ఎగువ ట్రైబ్యునల్ హోంశాఖ సాక్ష్యంలో లోపాలు చాలా ఉన్నాయంది. 2017 డిసెంబరులో అప్పీలు కోర్టు, దేశం వదిలి అక్కడినుంచి అప్పీలు చేసుకోమనడం వీళ్ల విషయంలో న్యాయం కాదంది. మనిషి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెబితేనే కదా నిజమో అబద్ధమో తెలిసేది! కానీ 2022లో అదే ఎగువ ట్రైబ్యునల్, ఇద్దరు భారతీయుల కేసులో, హోంశాఖ సాక్ష్యం మోసం రుజువు చేయడానికి చాలినంత బలంగా ఉందని తీర్పిచ్చింది. దాన్ని దాచి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా నా అభిప్రాయం మారలేదు. సాక్ష్యం ఎంత బలమైనదైనా, నిందపడ్డవాడికి ముందు వినిపించాలి, అతను చెప్పేది వినాలి, శిక్ష ఆ తర్వాత. ఇక్కడ వరస తిరగబడింది. దొంగల్ని పట్టే తొందరలో దొర ఎవరో చూడలేదు.

గెలిచినవాళ్లు ఎలా గెలిచారు? కొందరు పరీక్షకు ఏ బస్సులో వెళ్లారో, గది ఎలా ఉందో, ఏ ప్రశ్న వచ్చిందో జడ్జి ముందు గుర్తుచేసుకుని చెప్పారు. కొందరికి పాత ఐఈఎల్‌టీఎస్ స్కోరు, డిగ్రీ పట్టా ఆదుకున్నాయి. ఓడినవాళ్లందరూ అబద్ధాలాడారని నేను అనుకోను. మూడేళ్ల కిందటి శనివారం ఎక్కడున్నావంటే ఎవరైనా ఏం చూపిస్తారు? అప్పటికి చాలా పరీక్షా కేంద్రాలు మూతపడ్డాయి.

అందుకే అమీర్‌పేటలోనో విజయవాడలోనో మీ ఇంటి పిల్లలు ఈ వారం ఐఈఎల్‌టీఎస్‌కో, టోఫెల్‌కో, పీటీఈకో కడుతుంటే ఇది ఒక్కటి వినండి. సొంత మెయిల్‌తో, సొంత ఫోను నంబరుతో పేరు నమోదు చేసుకోమనండి. పాస్‌వర్డు కన్సల్టెన్సీ చేతికివ్వకండి. పాసు గ్యారంటీ అన్నవాడి గడప తొక్కకండి. డబ్బు కట్టిన రసీదు, హాలు టికెట్టు, స్కోరు కార్డు, ఆ రోజు వెళ్లిన రైలు టికెట్టు సహా ఒక కవర్లో పెట్టి దాచండి. రెండేళ్లకు స్కోరు చెల్లదు కదా అని ఆ కాగితాలు పారేయకండి.