చెరువునకు పండ్రెండవ సాధనము

కొండాపురము మెట్టసీమ. ఇచ్చటి సేద్యము వానను, చెరువును నమ్ముకొన్నది. ఈ ప్రాంతమునకు దుర్గమైన ఉదయగిరి నుండి పదునాలుగవ శతాబ్దమున మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు పాలన సాగించెను. వెలికొండలకు అవతలనున్న పోరుమామిళ్ళలో ఆయన పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనము వేయించెను.

చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండని ఆ శాసనము లెక్కించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడు, గట్టినేల, కొండల నడుమ తీయని నీటి నది, దాపున రాతిగని, ఇట్లు సాగి చిట్టచివర నిర్మాణమున నేర్పరులైన పనివారి బృందము వచ్చును. చివర వచ్చినను అది రాతితోడను నీటితోడను సమానముగనే లెక్కకు వచ్చినది గదా! దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. ఖర్చైన ధనధాన్యములకు మితి లేదని కూడ చెప్పినారు. రాజప్రశస్తిలో అతిశయోక్తి ఉండక మానదు. అయినను కూలివాని తిండి చెరువు ఖర్చులో భాగమని అంగీకరించిన మాట అది.

కట్టించుట ఒక ఎత్తు, కాపాడుట ఒక ఎత్తు. ఏటేట పూడిక తీయవలెను, గండి పూడ్చవలెను, తూము చూడవలెను. ఇందులకు రాయలసీమలో దశబంధమను ఏర్పాటుండెడిది. చెరువు వేయించి మరమ్మతు చూచువారికి భూమినో, శిస్తులో కొంత పాలునో విడిచిపెట్టుట దాని పద్ధతి. పేరునకు పదవ వంతే కాని, ఆ పాలు ఊరూరికి మారెడిది. చెరువు నిండిననే తన చేను పండును గనుక, మరమ్మతుదారుని ఎవరును తరుమనక్కరలేదు. నేడు సంస్థలలో మానవ వనరుల సుస్థిర నిర్వహణమని చెప్పుకొనుచున్నది ఇదియే కాదా యని నాకు తోచును.

ఇనాములు విడిపించి శిస్తు కట్టిన కొలది ఈ కట్టు సడలినది. ఆనవాయితీ పనికి రానివారిని శిక్షించుటకు మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధశ్రమ చట్టము తెచ్చెను. పాలు ఇచ్చిన చోట భయము వచ్చినది.

తరువాత 1876–78 నాటి కరువు. నెల్లూరు జిల్లా కూడ దానికి గురియైనది. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్, కరువు పనులలోని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది చిల్లర చాలునని నిర్ణయించెను. మన్ను మోయువాని ఒడలు ఎంత తక్కువతో నిలుచునో చూతమన్న లెక్క అది. మద్రాసు సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్, ఈ తిండితో పనివాడు క్షీణించునని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకే కూలి పెంచవలసి వచ్చెను. అప్పటికే ఎందఱో చేతుల సత్తువ తఱిగిపోయినది. పోరుమామిళ్ళ చెరువు మాత్రము నేటికిని నిలిచియున్నది.