ఇంజనుకు నీటి తుంపర

వేసవిలో వట్టివేళ్ల తడికపై నీళ్లు చల్లినచో గది చల్లబడుట మన మెల్లర మెరిగినదే. నీరు ఆవిరియగుచు చుట్టునున్న వేడిని గ్రహించును. ఈ సూత్రమే మోటారు వాహన చరిత్రలో నొక చిత్రమైన ఘట్టమునకు మూలమైనది.

టర్బోచార్జరు, ఇంజను విడుచు వాయువుల బలముతో తిరిగి, గాలిని కుదించి లోనికి పంపును. గాలి పెరిగిన కొలది శక్తి పెరుగును. కాని కుదించిన గాలి వేడెక్కును. ఆ వేడికి పెట్రోలు మిశ్రమము తనంత తానే భగ్గుమని మండి పిస్టనులను దెబ్బతీయును.

రెండవ ప్రపంచ యుద్ధమున విమానపు ఇంజనులలోనికి మిథనాలు కలిపిన నీటిని చిమ్మి ఈ చిక్కును దాటిరి. 1962లో అమెరికా దేశపు ఓల్డ్స్‌మొబైల్ సంస్థ తన ‘జెట్‌ఫైర్’ కారులో ఆ యుపాయమునే ప్రవేశపెట్టెను. 215 ఘనపుటంగుళముల ఇంజను 215 అశ్వశక్తి నిచ్చెను. ద్రవమునకు వేరొక తొట్టి కలదు. ద్రవము అయిపోయినచో టర్బో ఒత్తిడి దానంతట తగ్గునట్లు ఏర్పాటును చేసిరి.

అయితే, పెట్రోలు పోయించుట కలవాటుపడిన యజమానులు పలువురు రెండవ తొట్టిని మరచిరి. శక్తి తగ్గెను, ఫిర్యాదులు పెరిగెను. 1963తో ఆ కారు నిలిచిపోయెను. తరువాత పలు కార్లలో టర్బోను తీసివేసి సాధారణ కార్బ్యురేటరు నమర్చిరి.

ఆ భావము మాత్రము నశింపలేదు. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ కార్లలో, కుదించిన గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు రేకులపై, అనగా వెలుపలనే, నీటి తుంపర పడు నమరిక వచ్చెను. 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారు ఇంజనులోనికి పోవు గాలిలోనే నీటిని చల్లెను. శాస్త్రము ముందునకు సాగినది; తొట్టి నింపు బాధ్యత మాత్రము నేటికిని యజమానిదే.