వారాల పిల్లవాడు – అరుగుబడి వేదము

మన గ్రంథాలయమునకు వచ్చు పెద్దలలో ‘వారాల పిల్లవాడు’ అను మాట ఎరుగనివా రుండరు. విజయనగర ప్రాంతపు అగ్రహారములలో వేదపాఠశాల యనగా ప్రత్యేక భవనము గాదు. గురువుగారి యింటి యరుగే. దానిని నిలిపినవి రెండు: మాన్యము, వారము.

మాన్యమనగా శిస్తు లేకయో, స్వల్పమైన కట్టుబడికో పూర్వప్రభువులు విడిచిన భూమి. అది గురువుగారి కుటుంబమునకు ఆధారము. శిష్యునకు వారము: దినమున కొక యింట భోజనము. ఏడిండ్లు కుదిరినచో చదువు సాగును. ఒక యిల్లు తప్పినచో ఆనాడు పస్తే.

మద్రాసు గవర్నరు మన్రో 1822లో దేశీయ పాఠశాలల లెక్క తీయింపగా, రాజమహేంద్రవరము జిల్లాలో వేదశాస్త్రములు చెప్పునవి 279, విద్యార్థులు 1,454 మంది యని తేలెను. పాఠశాలకు అయిదుగురు చొప్పున. అరుగు చాలును గదా!

గురువు ఒకసారి పలుకగా శిష్యులు రెండుసారులు పలుకుటయే సంత. మన దేశమున విశేషముగా నున్నది కృష్ణయజుర్వేదము. సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, వెరసి 82 పన్నములు. పుస్తకము ముట్టక ఇన్నియు కంఠస్థము గావలెను. ఆపై పదము, క్రమము, జట, ఘన. పాడ్యమి, అష్టమి, పున్నమ, అమావాస్యలు అనధ్యయనములు. నేటి ఆదివారము కంటె అవియే పిల్లలకు తీపిగా నుండెనేమో!

అయితే లెక్కలు వ్రాయువాని కంటికి ఇందొక బాకీ కనబడును. మాన్యము దున్నినవాని బిడ్డకు ఆ యరుగుపై చోటు లేదు. ఏడిండ్ల వంట చేసిన యిల్లాండ్రకును లేదు. వారి కష్టమున నిలిచిన చదువు వారిది గాకపోయెను. ఆచారమని సమర్థింపవచ్చును గాని, జమ ఒకరిది, ఖర్చు మరొకరిది యగుట న్యాయముగా నాకు తోచదు.

విజయనగరమున 1860లో సంస్కృత పాఠశాల వెలసెను. ఆ సంస్థాన ప్రభువే యగు ఆనందగజపతి మహారాజావారి ద్రవ్యముతో మాక్సుముల్లరు పండితుని సాయణభాష్య సహిత ఋగ్వేదము రెండవ కూర్పు 1890–92లో ఇంగ్లండున నాలుగు సంపుటములుగా వెలువడెను. అరుగుపై కొందరికే వినబడిన వేదము, కులము నడుగక తెరచుకొను పుస్తకమయ్యెను. ఈ దానమును మనవారు తగినంతగా తలచుకొనరు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టము, 1956లో ఇనాముల రద్దు చట్టము వచ్చెను. మాన్యములు రైతువారీ పట్టాలయ్యెను. పాఠశాలలు దానివలననే పోయినవని కొందరందురు. అంతకు మున్నే ఇంగ్లీషు చదువులకును ఉద్యోగములకును కుటుంబములు పట్టణములు చేరి, వారమిచ్చు ఇండ్లు తగ్గినవి. భూమి తరువాత పోయినది. అన్నము ముందే పోయినది.

నేడు తిరుమల ధర్మగిరిలోని వేదపాఠశాలలో విద్యార్థుల భోజన వసతులు దేవస్థానమువారే చూచుచున్నారు. అచ్చటి పిల్లవాడు ఏడిండ్ల గడప త్రొక్క నక్కరలేదు.